మెడ అక్కరలేని ఆట

పైల్వాన్ పోయాడన్న సంగతి నాకు చెప్పింది మా సెంటర్‌లో చీటీలు రాసే అమ్మాయి. సూర్యాపేటలో మాది చిన్న డయాగ్నస్టిక్ సెంటర్. ముందు గదిలో రక్తం తీస్తారు, వెనక గదిలో నేను ఎక్స్‌రేలు తీస్తాను. ఆ ఉదయం దగ్గుతో వచ్చిన ఒక ముసలాయనను మిషన్ ముందు నిలబెడుతున్నాను. అమ్మాయి తలుపు సందులోంచి తల పెట్టింది.

"సార్, మీ పైల్వాన్ పోయిండట. మిర్యాలగూడ నుంచి ఫోన్ జేసిన్రు. మట్టి గూడ అయిపోయిందట."

"ఎట్లనట?"

"గది చెప్పలే సార్. ఆదివారం ఆదరణ కూడిక ఉంది, పోయినాయన కోసం ప్రార్థన జేస్తరట, మిమ్మల్ని తప్పక రమ్మన్నరు."

సరేనని ముసలాయన వైపు తిరిగి, "తాతా, కదలకు. ఊపిరి బిగపట్టు" అన్నాను. తీశాను. బాగానే వచ్చింది. ఆ తర్వాత వరుసలో ఉన్న వాళ్లందరివీ తీశాను. మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం తిన్నాను. పెరుగు పులిసిందని ఇంటికి ఫోన్ చేసి విసుక్కున్నాను కూడా. నాకేమీ అనిపించలేదు. రోజూ విరిగిన ఎముకలు చూసేవాడికి అంతేలే అని సర్దిచెప్పుకోవచ్చు గానీ అది నిజం కాదు. అతను వచ్చిన ప్రతిసారీ నాకు కోపం వచ్చేది, నవ్వు వచ్చేది, ఒకటి రెండుసార్లు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అసలు రోజున మాత్రం చెయ్యి తిమ్మిరెక్కినట్టు మనసు తిమ్మిరెక్కింది. ఇది రాస్తున్న ఇప్పటికీ ఆ తిమ్మిరి వదల్లేదు.

పైల్వాన్ అంటే కొండలాంటి మనిషిని ఊహించుకోకండి. పొట్టివాడు. చొక్కా వేసుకుంటే బస్సులో మన పక్కన కూర్చునే మామూలు మనిషి. చొక్కా విప్పితే మాత్రం నేను కూడా ఒక అడుగు వెనక్కి వేసేవాణ్ణి. చెవులు రెండూ నలిగిన పకోడీల్లా ఉండేవి. మెడ ఎక్కడ మొదలై భుజం ఎక్కడ ముగుస్తుందో తెలిసేది కాదు. ఒంటి నుంచి ఎప్పుడూ తవుడు వాసన వచ్చేది, ఎందుకంటే అతను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీ. బస్తాలు మోయడం అతని పని, కొట్లాడటం అతని ఆట. అతన్ని అడిగితే మాత్రం తిరగేసి చెప్పేవాడు.

మిర్యాలగూడలో ఎక్స్‌రే తీసేవాళ్లు లేక కాదు అతను సూర్యాపేట దాకా వచ్చేది. భార్య పుట్టిల్లు చివ్వెంల దగ్గర, అది ఒక సాకు. అసలు కారణం అతనే చెప్పాడు. "గాడ తీపిచ్చుకుంటే పొద్దుమీకే లోపల మిల్లు మొత్తానికి తెలుస్తది సార్. పైల్వాన్‌కు బొక్క ఇరిగిందట అని నవ్వుతరు."

నా గదిలోకి అడుగు పెట్టేముందు చెప్పులు బయట విప్పి, వంగి గడపను ముట్టుకుని ఆ చేతిని కళ్లకద్దుకునేవాడు. కుస్తీ నేర్చుకున్న తాలీంలో మట్టికి మొక్కి దిగే అలవాటు అది. "చర్చికి పోయేటోడివి, ఈ మొక్కులేంది?" అని ఆటపట్టిస్తే, "ఇది గూడ బరే గద సార్. లోపలికి పోతే గెలుస్తనో ఓడుతనో ఎవలకు తెలుసు" అనేవాడు.

చెప్పిన మాట వినడంలో అతనంతటి పేషెంటును నేను చూడలేదు. ఒకసారి పక్కటెముకలకు తీస్తూ ఊపిరి బిగపట్టమన్నాను. ఇంతలో ఫోన్ మోగింది, బయటికి వెళ్లి మాట్లాడి వచ్చాను. మనిషి మొహం వంకాయ రంగుకు తిరిగి ఉంది. కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. "ఇడువయ్యా బాబూ!" అని అరిచాను. ఫుస్సున వదిలి, కాసేపు ఆయాసపడి, "మీరు ఇడువమనలే గద సార్" అన్నాడు. అలాంటి మనిషి, ఆటలు మానెయ్యమంటే మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మొదటిసారి మోచెయ్యి పట్టుకుని వచ్చాడు. తాలీంలో కుస్తీ పడుతుంటే కీలు తప్పింది. కట్టు విప్పాక కూడా ఆ చేతికి పూర్తి పట్టు రాలేదు. ఇక బుద్ధిగా ఉంటాడనుకున్నాను. కొన్ని నెలలకు పిడికిలి వాచి వచ్చాడు.

"మళ్ల కుస్తీయేనా?"

"లేదు సార్, ఆట మారింది. బాక్సింగు. కుస్తీకి పట్టు గావాలె, దీనికి పట్టుతోని పనిలేదు. గుద్దుడే."

గుద్దీ గుద్దీ చిటికెన వేలి దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ పైన వచ్చినప్పుడు పాదానికి దెబ్బ. కిక్ బాక్సింగట. "పిడికిలి ఎక్కువ వాడేది లేదు సార్, మొత్తం కాళ్లతోనే." ఆ పాదం అతుక్కునేలోపు జూడో. "కాళ్లతోని తన్నేది ఉండది సార్. జాకెట్ పట్టుకుని ఎత్తి ఏసుడే." జూడోలో పక్కటెముకలు. ఏ ఎముక విరిగితే ఆ ఎముక అక్కరలేని ఆట వెతుక్కునేవాడు. నాకు తెలిసిన మనుషులందరూ దెబ్బ తగిలితే దారి మార్చుకుంటారు, అతను ఆట మార్చుకునేవాడు. చివరికి ఒకరోజు ఏ దెబ్బా లేకుండా నవ్వుతూ వచ్చాడు. హైదరాబాదులో పంజరం లాంటి రింగులో అన్ని విద్యలూ కలిపి ఆడే పోటీకి ఎంపికయ్యాడట, ముందుగా ఛాతీ ఎక్స్‌రే కావాలట.

"అన్ని కొంచెం కొంచెం ఇరిగినయ్ గద సార్. దీంట్ల అన్ని కొంచెం కొంచెం వాడుడే" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను.

అప్పుడప్పుడు కోదాడ నుంచి అతని కోచ్ కూడా వెంట వచ్చేవాడు. ఫంక్షన్ హాల్లో పెళ్లిళ్లు లేని రోజుల్లో పరుపులు పరిచి పిల్లలకు నేర్పే పెద్దమనిషి. "మా వాడిని కొంచెం ముందుగా చూడండి మాస్టారూ. వీడికి అన్ని విద్యలూ వచ్చండీ, ఆగే విద్య ఒక్కటే రాదు" అనేవాడు. పైల్వాన్ ఆ మాటకు కూడా మురిసిపోయేవాడు.

మురిసిపోని మనిషి ఒక్కతే, అతని భార్య. అంగన్‌వాడీలో ఆయా. ప్రతిసారీ ఎక్స్‌రే కవర్ చేత్తో పట్టుకుని బెంచీ మీద కూర్చునేది. ఇంట్లో మేకుకు అలాంటి కవర్లు వరుసగా వేలాడుతున్నాయని చెప్పింది. మొదట్లో తిట్టేది, తర్వాత తిట్టడం మానేసింది. ఒకసారి నాతో అంది: "నాకు గీ మనిషి మొత్తంగ గావాలె సారూ. ఏడాదికింత ముక్కలు జేస్కుంట పోతే నాకేం మిగుల్తది? ఎట్లన్న జేసి ఆటలు ఇడిపియ్యున్రి." నేను చెప్పి చూశాను. నా కన్నా ముందు పాస్టర్ చెప్పి చూశాడు. ఆమె కోరిందల్లా ఆ ఒక్కటే, ఏళ్ల తరబడి ఆ ఒక్కటే.

ఎందుకు మానడో అతను నాకొకసారి చెప్పాడు. ఫిల్ముకు కిటికీ వెలుగు పెట్టి తన ఎముకను తనే చూసుకుంటూ, నా వైపు చూడకుండానే చెప్పాడు. "మిల్లుల నన్ను ఏయ్ అని పిలుస్తరు సార్. లారీ డ్రైవర్ గూడ ఏయ్ అనే అంటడు. రింగులకు పిలిచేటప్పుడు ఊరిపేరు, ఇంటిపేరు, నా పేరు మొత్తం మైకుల జెప్తరు. ఓడినంక గూడ పేరుతోనే జెప్తరు." ఆ తర్వాత అతనికి బుద్ధి చెప్పాలన్న ఉత్సాహం నాకు చాలావరకు తగ్గిపోయింది.

అతని ఆట నేను కళ్లారా చూసింది ఒక్కసారే. మఠంపల్లి వైపు ఒక దర్గా ఉర్సులో కుస్తీలు పెట్టారు. మోచెయ్యి బాగానే ఉందని, మట్టి వాసన చూసి చాలా రోజులైందని, నన్ను రమ్మని ప్రాణం తీశాడు. ఆదివారం కదా అని అతని బండి వెనక కూర్చుని వెళ్లాను. ఎండ మండిపోతోంది. బరి చుట్టూ జనం, మిఠాయి కొట్లు, చెట్ల మీద కూడా మనుషులు. మైకులో అతని పేరు చెప్పగానే నా వైపు తిరిగి, విన్నారా అన్నట్టు చూశాడు.

అవతలివాడు ఇతనికి ఒకటిన్నర మనిషి. అయినా కాసేపటికే పైల్వాన్ వాణ్ణి బోర్లా పడేసి చెయ్యి మెలిపెట్టి పట్టాడు. వాడు లేవలేడు, తిరగలేడు. వెల్లకిలా తిప్పి వీపు నేలకు ఆనిస్తే చాలు, ఆట ముగుస్తుంది. అప్పుడు వాడు నొప్పికి తట్టుకోలేక నేల మీద అరచేత్తో టపటపా కొట్టాడు. మా పైల్వాన్ ఠక్కున వదిలేసి లేచి నిలబడ్డాడు. నిలబడి, గెలిచిన చెయ్యి ఎత్తుతారేమోనని కుస్తీ నడిపే పెద్దాయన వైపు చూశాడు. జూడోలో అలా నేలను తట్టాడంటే ఓటమి ఒప్పుకున్నట్టు, వెంటనే వదిలెయ్యాలి. మట్టి కుస్తీలో ఆ లెక్కలేదు. నేలను తడితే నేలను తట్టినట్టే. కింద ఉన్నవాడు ఆ సందు చూసుకుని కాళ్లు లాగి పడేసి, ఇతని వీపు మట్టికి ఆనించాడు. జనం ఈలలు వేసి నవ్వారు. నా పక్కన ఉన్నతను, "గీనెవడ్రా, గెలిసినంక ఇడిసిపెట్టిండు" అని నవ్వుతూ నా భుజం కూడా చరిచాడు.

తిరుగు ప్రయాణంలో మేళ్లచెరువు దగ్గర బండి ఆపి బజ్జీలు తిన్నాం. సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. నాకు ఒళ్లు మండిపోతోంది. "ఏ ఆట ఆడుతున్నవో మర్సిపోతే ఎట్లయ్యా? గెలిసిన ఆట పోగొట్టుకుంటివి" అన్నాను.

"మర్వలే సార్. తెలుసు, కుస్తీ అని. ఆడు తట్టంగనే చెయ్యి దానంతట అదే ఇడిసింది."

"అదే అంటున్న, అది జూడో రూలు."

అతను మిరపకాయ బజ్జీ తొడిమ విసిరేశాడు. "నొప్పి అని జెప్పినంక గూడ పట్టుకుంటే మల్ల గది ఆట గాదు సార్, కొట్లాట" అన్నాడు. బాధగా కూడా అనలేదు. ఇంకో ప్లేటు చెప్పాడు.

తర్వాత కొన్నాళ్లకు మెడ నొప్పి అని వచ్చాడు. హైదరాబాదు పోటీలో ఎవరో తలకిందులుగా ఎత్తి పడేశారు. నొప్పితో పాటు చేతుల్లో తిమ్మిరి, పట్టుకున్న గ్లాసు జారిపోవడం. మెడ వంచి ఒకటి, ఎత్తి ఒకటి తీశాను. ఫిల్ము చూడగానే నాకు అర్థమైంది, పూసల్లో ఒకటి తన చోటు నుంచి ముందుకు జరిగి ఉంది. అతను ఎప్పటిలా కిటికీ దగ్గర పెట్టి చూడబోతే నేనే ఫిల్ము లాక్కుని అతన్ని మా పక్కనే క్లినిక్ పెట్టుకున్న ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. భార్య తలుపు దగ్గర నిలబడింది.

డాక్టరు ఫిల్ము వెలుగులో పెట్టి చూసి, "ఏం చేస్తుంటావు నువ్వు?" అని అడిగాడు.

"ఫైటర్ని సార్" అన్నాడు పైల్వాన్. కూర్చున్నవాడు కొంచెం నిటారుగా కూడా అయ్యాడు.

"ఏం ఫైటింగు?"

కుస్తీ నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాడు. ఏ ఆటలో ఏ జిల్లాకు ఆడాడో, ఎక్కడ రెండో స్థానం వచ్చిందో చెప్పాడు. డాక్టరు ఓపికగా విన్నాడు. విని, "ఇవాళ్టితో అన్నీ బంద్. గుద్దుడు, తన్నుడు, పట్టుడు, ఏదీ వద్దు. జిమ్‌కి కూడా పోవద్దు. మెడ మీద ఇంకొక్క దెబ్బ పడితే కాళ్లూ చేతులూ పడిపోతయ్, ఊపిరి కూడా ఆగిపోవచ్చు. అర్థమైందా?" అన్నాడు. మెడకు వేసుకునే పట్టీ రాసిచ్చాడు.

తలుపు దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భయంతో కాదు, ఆమె మొహం నాకు కనిపిస్తూనే ఉంది. ఇన్నేళ్లుగా ఆమె అడుగుతున్న మాట డాక్టరు నోటి వెంట వచ్చింది. వరండాలోకి రాగానే దేవునికి స్తోత్రం చెప్పుకుంది. పైల్వాన్ మాత్రం నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

"సార్, మెడ అక్కరలేని ఆట ఏదన్న ఉంటదా?"

"క్యారమ్స్ ఆడు."

"దాంట్ల గూడ మెడ వంచాలె గద సార్" అన్నాడు నిజంగానే ఆలోచించి.

ఈసారి మాట విన్నాడు. చేతొడుగులు, జూడో జాకెట్, అన్నీ కోదాడ కోచ్‌కి ఇచ్చేశాడు. కొన్ని నెలల తర్వాత ఒక్కసారి నా ఫోన్‌కు ఫోటో పంపాడు. కోదాడలో యువజనుల పంజా పోటీ. బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని, మోచేతులు ఆనించి, చెయ్యి వంచే ఆట. మెడకు పట్టీ ఉంది, మొహం నిండా నవ్వు ఉంది, ఎవరో అతని చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. కింద అతని భార్య గొంతుతో ఒక వాయిస్ మెసేజ్: "దీనికైతే నేనే పంపిన సారూ. కూసోని ఆడేదే గదా." ఆ తర్వాత వాళ్లు మా సెంటర్‌కు రాలేదు. మా దగ్గరికి రాలేదంటే బాగున్నట్టే లెక్క. నేను కూడా అలాగే అనుకుని నా పనిలో పడిపోయాను.

ఆదివారం మిర్యాలగూడ వెళ్లాను. ఇంటి ముందు టెంటు, ఫ్లెక్సీలో చేతొడుగులతో అతను. ప్రార్థన అయ్యాక పాస్టర్ నాలుగు మంచి మాటలు చెప్పాడు. కోదాడ కోచ్ కూడా వచ్చాడు. వెనక వరుసల నిండా అతనితో పాటు బస్తాలు మోసే ముఠావాళ్లు, తలలు దించుకుని కూర్చున్నారు. భోజనాలకు లేచినప్పుడు ముఠా మేస్త్రి నా పక్కకు వచ్చాడు. నెరిసిన మీసాల మనిషి. పైల్వాన్ నా గురించి చెప్పేవాడట.

"ఎట్ల అయింది?" అని అతన్నే అడిగాను.

"బస్తా సార్. లారీకి ఎక్కిస్తుండె. చెక్క మీద కాలు జారింది, నెత్తి మీద బస్తా మెడ మీద తిరగబడ్డది. కింద పడ్డంక కాలు చెయ్యి కదలలే. మాటైతే మాట్లాడిండు. దవాఖానకు తీసుకపోయే లోపల ఊపిరి అందలే."

"మెడకు పట్టీ?"

"మోసేటప్పుడు తీసేటోడు. అడ్డమొస్తదని."

ఆయనే చెప్పుకుపోయాడు. "ముఠాల అందరికి సమానం సార్. ఎవడన్న రాకపోతే ఆని వంతు మిగతోళ్లు మోస్తరు, ఆని పాలు ఆనికే పోతది. గిది మాకు పాత పద్ధతి. ఆటలకు పోయినన్ని రోజులు పైల్వాన్ వంతు మేమే మోసినం. మావోడు టీవీల వస్తడు అని సంబురంగ మోసినం. ఆటలు బంద్ అయినంక ఆగిండా? ఇన్నేండ్లు నా వంతు మీరు మోసిన్రు, ఇగ నేను మోస్త అన్నడు. ముసలోడిని, నన్ను కూసోబెట్టి నా బస్తాలు గూడ ఆడే ఎత్తుకునేటోడు. నేను వద్దనలే సార్. ఎందుకనాలె, ఆని మెడ అంత పాడైందని మాకెవలకు తెల్వదు. ఆడు జెప్పలే."

మేస్త్రి పళ్లెం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. నేను తిన్నాను. అన్నం చప్పగా ఉందో బాగుందో కూడా తెలియలేదు.

వెళ్లొస్తానని చెప్పడానికి ఆమె దగ్గరికి పోయాను. గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి అయిపోయిన మొహం, ఇప్పుడు అందులో ఏమీ లేదు. చూడగానే నాలో ఉన్న తిమ్మిరే ఆమెలో కూడా ఉందని అర్థమైంది.

"సారూ, ఒక మాట అడుగుత" అంది. "ఆనాడు డాక్టర్ సారు ఏం జేస్తవంటే, గీయన ఫైటర్ని అన్నడు. హమాలీని అని ఉంటే బస్తాలు గూడ వద్దంటుండెనా?"

నాకు అబద్ధం చెప్పాలనిపించింది గానీ చెప్పలేకపోయాను. "అంటుండె అమ్మా. ముందుగాల అదే అంటుండె."

ఆమె తల ఊపింది. ఆ జవాబు ముందే తెలిసినట్టు ఊపింది. బయట మధ్యాహ్నం లోడు ఉందని ముఠావాళ్లు ఒక్కొక్కరే లేస్తున్నారు. మేస్త్రి గుమ్మం దగ్గరికి వచ్చి, "బిడ్డా, ఈ నెల ఆయన వంతు మేం మోస్తం" అని చెప్పి చెప్పులేసుకున్నాడు. వాళ్లు సందు తిరిగేదాకా ఆమె అటే చూసింది.

"బస్తాలు వద్దన్నా గూడ ఏం జేద్దుము సారూ" అంది అప్పుడు. "అది ఆట గాబట్టి ఇడిపిచ్చిన. పని ఎట్ల ఇడిపిస్త?"